టెస్టు పాసయ్యాక కూడా ఎనిమిదేనా?

మేనకోడలు మోటార్‌సైకిల్ టెస్టు పాసైంది, లైసెన్సు చేతికొచ్చింది. ఇక రోడ్డెక్కమని మామయ్య అంటాడు. ఇంకొన్నాళ్ళు ఖాళీ గ్రౌండులో ఎనిమిదులు వేస్తాను (టెస్టులోలాగే 8 అంకె ఆకారంలో బండి తిప్పుతాను), బ్రేకులు కొట్టి చూసుకుంటాను అని ఆ పిల్ల అంటుంది. మామయ్య ఏ స్కూల్లోనూ బండి నేర్చుకోలేదు, ఆయన దృష్టిలో టెస్టు ఒక తంతు. నేను ఎవరి పక్షమో దాచను, మేనకోడలి పక్షమే. అయితే మామయ్య మాటల్లో కొట్టిపారేయలేనివి చాలా ఉన్నాయి. వాటిని కత్తిరించకుండానే రాస్తున్నాను.

మామయ్య: పాసైపోయావు కదమ్మా! ఇంకా ఆ గ్రౌండులో గానుగెద్దులా తిరగడం దేనికి? రోడ్డు మీద ఎవడైనా ఎనిమిది వేస్తాడా?

మేనకోడలు: మొత్తం వేయరు గానీ అందులో సగం రోజూ వేస్తారు మామయ్యా. ఇరుకు సందులో బండి వెనక్కి తిప్పాలంటే మీరేం చేస్తారు?

మామయ్య: రెండు కాళ్ళూ కింద పెట్టి తిప్పేస్తాను.

మేనకోడలు: అదే నేననేది. ఇన్నేళ్ళు నడిపాక కూడా కాళ్ళు ఈడ్చుకుంటూ తిప్పుతున్నారు.

మామయ్య: పడ్డానా?

మేనకోడలు: పడలేదు. నేల పొడిగా ఉంది, వెనక ఎవరూ లేరు. అదే ఇసుక మీద కాలు జారి, వెనక అత్తయ్య కూర్చుని ఉంటే? స్పీడులో బండి చాలావరకు దానంతటదే నిలబడుతుంది, తిన్నటి రోడ్డు మీద ఎవరైనా పోనిస్తారు. నడక వేగానికి వచ్చేసరికి నిలబెట్టాల్సింది మనమే. క్లచ్ పూర్తిగా వదలకూడదు, పూర్తిగా పట్టకూడదు, సగంలో ఆపాలి. యాక్సిలరేటర్ కాస్త ఇచ్చే ఉంచాలి. వెనక బ్రేకు మీద పాదం ఆనించి దానితోనే స్పీడు సర్దుకోవాలి. ఈ మూడూ కుదిరాక చూపు సంగతి. మా డ్రైవింగ్ స్కూలు బ్యాచ్‌లో, ఎనిమిదికి గుర్తుగా పెట్టిన కోన్ దగ్గరికి రాగానే ముందు చక్రం వైపు చూసినవాళ్ళంతా కాలు కింద పెట్టేశారు. తల పూర్తిగా తిప్పి అవతలి కోన్ వైపు చూసినవాళ్ళకి హ్యాండిల్ అటే తిరిగింది. రోడ్డు మీద గుంతని చూస్తూ గుంతలోకే దించేవాళ్ళని మీరు చూడలేదా?

మామయ్య: చూశాను. దానికి గ్రౌండెందుకు, రోడ్డే నేర్పుతుంది. నీ గ్రౌండులో లేనివి ఏమిటో చెబుతాను విను. ఆగి ఉన్న కారు ఉందనుకో. నువ్వు దాని రంగు చూస్తావు, నేను డ్రైవర్ సీట్లో తల ఉందా లేదా అని చూస్తాను. తల ఉంటే తలుపు తెరుచుకుంటుంది. ముందు చక్రం బయటికి తిరిగి ఉంటే కారే వచ్చేస్తుంది. బస్సు ఆగి ఉంటే దాని ముందు నుంచి ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారనే లెక్క వేసుకోవాలి. చాలా రోజుల తర్వాత వాన పడితే మొదటి పది నిమిషాలూ అసలు ప్రమాదం. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము నీళ్ళతో కలిసి జారుడుగా తయారవుతుంది. తెల్లగీతల మీద, ఇనుప మూతల మీద బ్రేకు కొట్టావా, అంతే. పెద్ద లారీ పక్కన నిదానంగా పోకూడదు. దాని అద్దంలో డ్రైవరు ముఖం నీకు కనబడకపోతే నువ్వూ వాడికి కనబడవు. ఇంకోటి. సందులోంచి వచ్చే కారు డ్రైవరు నీ కళ్ళల్లోకి చూశాడు కదా అని ధీమాగా పోతావు. చూసి కూడా వచ్చేవాళ్ళున్నారు. వాడి కళ్ళు కాదు చూడాల్సింది, ముందు చక్రం. చక్రం కదిలిందంటే వాడు వస్తున్నట్టే. ఇవన్నీ ఏ కోను నేర్పింది నీకు?

(ఇక్కడ మామయ్యకి మార్కులు వేసి తీరాలి. ఇందులో ఒక్క మాటా తప్పు కాదు, ఇందులో ఒక్కటీ గ్రౌండులో దొరకదు.)

మేనకోడలు: ఏ కోనూ నేర్పలేదు, ఒప్పుకున్నాను. మరి ఇంత చూసి కూడా కారు అడ్డమొచ్చేస్తే ఏం చేస్తారు? 1981లో అమెరికాలో హర్ట్ రిపోర్టు అని ఒకటి వచ్చింది. హ్యారీ హర్ట్ అనే ఆయన బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 బైకు ప్రమాదాలని అవి జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించింది. బండికీ ఇంకో వాహనానికీ జరిగిన గుద్దుల్లో దాదాపు మూడింట రెండు వంతుల్లో తప్పు అవతలివాళ్ళదే. బండికి దారివ్వకుండా అడ్డంగా వచ్చేశారు.

మామయ్య: ఆహా! మరి నేననేదీ అదేగా! నీ ఎనిమిది ఆ కారుని ఆపుతుందా?

మేనకోడలు: ఆపదు. నన్ను ఆపుకోవడానికే నా ప్రాక్టీసు. అదే రిపోర్టులో ఇంకో మాట ఉంది. తప్పించుకోవడానికి బండివాడికి దొరికే టైము సాధారణంగా 2 సెకన్ల లోపే. 60లో వెళ్తుంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం. ఆ టైములో ఆలోచించడం కుదరదు, చేతికి ఏది అలవాటో అదే జరుగుతుంది. ఆ ప్రమాదాల్లో బండివాళ్ళు చేసిందేమిటంటే వెనక బ్రేకు గట్టిగా తొక్కి జారిపోయారు, ముందు బ్రేకు సరిపడా పట్టలేదు. వాళ్ళల్లో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ళ దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్ళే. అంటే మీలాంటివాళ్ళు.

మామయ్య: ఆగు ఆగు. పడినవాళ్ళలో 92 మంది సరే. పడనివాళ్ళలో ఎంతమంది స్కూలుకెళ్ళి నేర్చుకున్నారు? ఆ రోజుల్లో అందరూ అలాగే నేర్చుకుని ఉంటే పడేవాళ్ళూ వాళ్ళే అవుతారు, పడనివాళ్ళూ వాళ్ళే అవుతారు. దానివల్ల ఏం తేలింది?

మేనకోడలు: ఆ ఒక్క అంకెతో ఏమీ తేలదు, నిజమే. దాన్ని పక్కన పెట్టేద్దాం. బ్రేకు సంగతి మాత్రం పక్కన పెట్టను. మీరు ముందు బ్రేకు వాడతారా?

మామయ్య: ఎందుకు వాడతాను! ముందు బ్రేకు పడితే బండి తలకిందులవుతుంది. నా కళ్ళారా చూశాను.

మేనకోడలు: మీరు చూసింది గుంజినవాణ్ణి. గుంజడం వేరు, పిండటం వేరు. బ్రేకు పడగానే బరువంతా ముందుకి వస్తుంది కదా, దాంతో ముందు టైరు నేలకి అదుముకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత తొక్కినా అది లాకై, అంటే తిరగడం ఆగిపోయి, జారుతుందే తప్ప బండి ఆగదు. కాబట్టి లీవర్‌ని మొదట మెల్లగా నొక్కి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కిందికి దిగినట్టు చేతికి తెలిశాక, అప్పుడు గట్టిగా పిండాలి. ముందు చక్రం ఆపగలిగినంతలో సగం కూడా వెనకది ఆపలేదు. మీ బండి వెనక టైరు చూడండి, ఒకచోట చదునుగా అరిగిపోయి ఉంటుంది. అది మీరు లాక్ చేసి ఈడ్చిన చోటు.

మామయ్య: ఇసుక మీద ముందు బ్రేకు పడితే?

మేనకోడలు: పడతాం. మలుపులో బండి వాలి ఉన్నప్పుడు గట్టిగా పట్టినా పడతాం. అందుకే ఎంత పట్టాలో వేళ్ళకి తెలియాలంటున్నాను. అది తెలుసుకోవడానికి నడిరోడ్డు సరైన చోటా?

మామయ్య: ఇప్పుడొచ్చే బండ్లకి ఏబీఎస్ ఉంటోంది. ఇంత చదువు అక్కర్లేదు.

మేనకోడలు: ఏబీఎస్ చక్రాన్ని లాక్ కానివ్వదు. లీవర్ పిండే పని మాత్రం మీదే. పిండని బ్రేకుని ఏ కంప్యూటరూ పట్టదు.

మామయ్య: నువ్వు బండి నడపడం లేదు, పరీక్షకి చదువుతున్నావు. నాకు ఇవేవీ తెలియకుండానే ఇన్నేళ్ళు నడిపాను.

మేనకోడలు: తెలియకుండా చేసేవి చాలానే ఉంటాయి. స్పీడులో కుడివైపు మలుపు ఎలా తీసుకుంటారు?

మామయ్య: ఒళ్ళు కుడికి వంచుతాను. హ్యాండిల్ ముట్టుకోను కూడా.

మేనకోడలు: కుడి హ్యాండిల్‌ని ముందుకి కొంచెం తోస్తున్నారు. అంటే ముందు చక్రం క్షణంసేపు ఎడమకి తిరుగుతుంది, బండి కుడికి వాలుతుంది. విమానం కనిపెట్టిన విల్బర్ రైట్ సైకిలు తొక్కేవాళ్ళని గమనించి ఇదే చెప్పాడు, తాము అలా చేస్తున్నట్టు వాళ్ళెవరికీ తెలియదని.

మామయ్య: తెలియకుండానే నడిచిపోతుంటే ఇంక తెలియడం దేనికి?

మేనకోడలు: మలుపు అనుకున్నదానికంటే బిగుసుకుపోయినప్పటికి. తెలియనివాడు కంగారులో చేతులు బిగబట్టి బ్రేకు తొక్కుతాడు. తెలిసినవాడు ఇంకొంచెం తోస్తాడు. అసలు మీతో మాట్లాడి లాభం లేదు, మీ బండి అద్దాలు చూస్తేనే తెలుస్తుంది.

మామయ్య: అద్దాలకేమైంది?

మేనకోడలు: రెండూ లోపలికి తిప్పేసి ఉన్నాయి. వాటిలో మీ మీసం తప్ప ఏమీ కనబడదు.

మామయ్య: సందుల్లో తగులుతున్నాయని తిప్పాను. నేను తల తిప్పి చూస్తాను, అది చాలు.

మేనకోడలు: మంచిదే. అద్దంలో కనబడని జాగా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కానీ తల తిప్పిన ఆ కాసేపు ముందు ఏముందో మీకు కనబడదు కదా.

మామయ్య: నా బండి అద్దాల మీద పడ్డావేమిటి? మాట్లాడేది నీ సంగతి. పోయిన వారం పెట్రోలు బంకులో నిలబడి ఉన్న బండిని పడేసింది ఎవరు?

మేనకోడలు: హ్యాండిల్ తిప్పి ఉండగా ముందు బ్రేకు పట్టాను. ఎందుకు పడిందో నాకు తెలుసు, అది చాలు.

మామయ్య: అదిగో, ముందు బ్రేకే!

(ఈ గొడవ అద్దాల మీద, బంకు మీద ఇంకా చాలాసేపు నడిచింది. రాయదగ్గది అందులో ఏమీ లేదు.)

మామయ్య: సరే, అసలు విషయానికి వద్దాం. నువ్వు గ్రౌండు వదలవు, నేను గ్రౌండుని నమ్మను. ఎన్నాళ్ళిలా? భయం పెరిగిపోతుంది తప్ప తగ్గదు. నేర్చుకున్న కొత్తలో ట్రాఫిక్కులోకి పోనివాడు తర్వాత అసలు పోడు. అలా బండి మూలపడేసినవాళ్ళు నాకు తెలుసు.

మేనకోడలు: అది నిజం. నాకూ సిగ్నల్ దగ్గర వెనకవాడు హారన్ కొడితే టెన్షన్ వస్తుంది. క్లచ్ ఠక్కున వదిలేస్తాను, బండి ఆగిపోతుంది. అది గ్రౌండులో పోయే జబ్బు కాదు. గ్రౌండు మానకుండా ట్రాఫిక్కులోకి వస్తాను. మొదట తెల్లవారుజామున, రద్దీ లేనప్పుడు. వానలోకి, చీకట్లోకి తర్వాత. వెనక మనిషిని ఎక్కించుకోవడం అన్నిటికంటే ఆఖరున. మనిషి బరువు ఎక్కితే బండి నడకే మారిపోతుంది, అప్పుడు మళ్ళీ గ్రౌండులోనే మొదలుపెడతాను.

మామయ్య: రేపు పొద్దున్న బయల్దేరు. నా వెనకాలే రా, నేను ఎలా పోతే అలా పో.

మేనకోడలు: వెనకాల రాను. వెనకుంటే మీ స్పీడు అందుకోవాలనే చూస్తాను, రోడ్డు చూడను. ముందు నేను వెళ్తాను, మీరు వెనక రండి. నా బ్రేక్ లైటు మీద కన్నేసి ఉంచండి. ఎక్కడ ఆలస్యంగా వెలిగిందో, ఎక్కడ అసలు వెలగలేదో ఇంటికొచ్చాక చెప్పండి.

మామయ్య: ఇంటికొచ్చాక కాదు, అక్కడికక్కడే చెబుతాను. ఆ లైటు వెలగకుండా ఒక్క జంక్షన్ దాటావో, తాళం చెవి నా జేబులోకి వచ్చేస్తుంది.

మేనకోడలు: ఆదివారం గ్రౌండులో మీ ముందు బ్రేకు నేను చూస్తాను. తాళం చెవి నిబంధన మీకూ వర్తిస్తుంది.