మూడు పాయింట్ల గీత గారికి

మహారాజశ్రీ మూడు పాయింట్ల గీత గారికి, శ్రీకాకుళం నుంచి ఒక బాస్కెట్‌బాల్ పిచ్చోడు రాయునది. ఉభయకుశలోపరి.

మీ కుశలానికి లోటేముంది లెండి. 1979లో మీరు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అడుగుపెట్టి, మీ అవతలి నుంచి వేసిన బంతికి రెండు కాదు, మూడు పాయింట్లన్నప్పుడు జనాన్ని రప్పించే గారడీ అని తీసిపారేసిన పెద్దలున్నారు. ఇప్పుడు ఆటంతా మీ గుమ్మంలోనే. దానికి నా అభ్యంతరం లేదు. నా గొడవంతా గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటగాడు స్టెఫ్ కర్రీ గురించి. అంత మనిషినీ మింగేసి, బంతి విసిరే మణికట్టు ఒక్కటీ బయట ఉంచారు.

2015-16 సీజన్‌లో ఆయన 402 త్రీలు వేశాడు. ఈ అంకె మా కుర్రాళ్లందరికీ కంఠతా వచ్చు. అదే సీజన్‌లో సగటున ఆటకి ఎక్కువ స్టీల్స్ చేసిందీ, అంటే ఎదుటివాళ్ల దగ్గర బంతి లాక్కున్నదీ ఆయనే, లీగ్ మొత్తమ్మీద! ఈ ముక్క చెబితే "ఊరుకో అన్నా" అంటారు. 2022 ఫైనల్స్‌లో నాలుగో ఆట, బోస్టన్‌లో: 43 పాయింట్లు అందరికీ గుర్తే. ఆరడుగుల రెండంగుళాలవాడు, తనకంటే జానెడు పొడవున్నవాళ్ల మధ్య దూరి తెచ్చుకున్న 10 రీబౌండ్ల (గురితప్పి తిరిగొచ్చిన బంతుల) సంగతి ఎవరికి కావాలి? మీకు అసలే కనబడదు. రింగు ఎక్కడ, మీరెక్కడ! 23 అడుగుల 9 అంగుళాలు.

అసలు విద్య బంతి చేతిలో లేనప్పుడు చూడాలండీ. తన జట్టులోని డ్రేమండ్ గ్రీన్‌కి బంతి ఇచ్చేస్తాడు. మనవాళ్లయితే అక్కడే నడుం మీద చెయ్యేసుకుని నిలబడతారు. ఈయన పరుగు అప్పుడే మొదలు. మూలకి వెళ్లినట్టే వెళ్లి, చటుక్కున తిరిగొచ్చి, ఇంకో సాటి ఆటగాణ్ణి కాస్తున్నవాడికి అడ్డంగా నిలబడి స్క్రీన్ పెడతాడు. ఎక్కడ త్రీ కొట్టేస్తాడోనని ఇద్దరూ ఈయన మీదికే దూకుతారు. ఆ సాటివాడు ఖాళీగా రింగు కిందికి వెళ్లి లేఅప్ వేసుకుంటాడు. పాయింట్లు వాడివి, అసిస్ట్ (ఆ పాయింట్లకి దారితీసిన పాస్ లెక్క) గ్రీన్‌ది. కర్రీ ఖాతాలో సున్నా. వాళ్లు దూకింది మీ మీద భయంతోనేనని మీసం మెలేస్తారేమో. కాదనను. కానీ ఆ పరుగెత్తిన కాళ్లు, ఆ ఛాతీకి తగిలిన దెబ్బ మీవి కావు కదా!

మా వైపు ఇది కొత్తేం కాదు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరెత్తితే గుండెల మీద ఎక్కించుకున్న ఏనుగు తప్ప ఇంకోటి గుర్తురాదు. ఆయన విజయనగరంలో వ్యాయామం నేర్పిన మాస్టారని, సొంతంగా సర్కస్ కంపెనీ నడిపారని, ఆయన పేరున్న స్టేడియంలో రోజూ పరుగెత్తేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

సరే, మీ వల్ల మాకు జరిగిన నష్టానికి వద్దాం. సాయంత్రమైతే కుర్రాళ్లంతా మిమ్మల్ని ఆనుకునే ఉంటారు. రింగు కింద ఈ రాస్తున్నవాడొక్కడే. బంతి రింగుకీ తగలదు, బోర్డుకీ తగలదు, పక్క వాలీబాల్ కోర్టులో పడుతుంది. తెచ్చేదీ నేనే. "పాస్ ఇవ్వరా తమ్ముడూ" అంటే, "కర్రీ ఇస్తాడేటి?" అని ఎదురు ప్రశ్న. ఇచ్చాడు నాయనా! 2013-14లో ఆటకి సగటున 8.5 అసిస్టులు. ఈ మాట వాడి చెవికెక్కేలోపు ఇంకో త్రీ గాల్లోకి లేస్తుంది.

అందుచేత తమరికి తెలియజేయునది. ఎన్‌బీఏలో మీరు రంగుతో వేసిన గీత, మా కోర్టులో వట్టి సున్నం. మొన్నటి వానకి సగం పోయారు, ఇంకో వాన పడితే మిగతా సగమూ పోతారు. మళ్లీ గీతలు వేసే వంతు నాది. ఫ్రీ త్రో గీత వేస్తాను, పక్క గీతలు వేస్తాను, మిమ్మల్ని మాత్రం వెయ్యను. ఎక్కడినుంచి కొట్టినా రెండే. స్క్రీన్ పెట్టినవాడికి టీ నా ఖర్చు.

ఇట్లు,
మోచేతి దెబ్బలు తింటూ మీకు చాలా దూరంలో ఉండే
ఒక రీబౌండర్

తా.క. సున్నం డబ్బా మా ఇంట్లో ఉంది. కుర్రాళ్లని పంపించి లాభం లేదు.