365 గిన్నెలు, రెండు కుర్చీలు

సంక్రాంతి వెళ్ళిపోయినా నా ఫోనుకు వచ్చే విందు వీడియోల్లో అల్లుళ్ళు ఇంకా భోంచేస్తూనే ఉన్నారు. భీమవరం అల్లుడు, పాలకొల్లు అల్లుడు, అమలాపురం అల్లుడు, అందరిదీ ఒకే బిత్తర చూపు, ఎదురుగా బారులు తీరిన గిన్నెల్లో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని ఒకే దిగులు. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన నాటి నుంచి ఈ విద్య మన డెల్టాలో శాస్త్రస్థాయిని అందుకున్నది. నూరు రకాలతో సరిపెట్టిన మామగారు ఇప్పుడు వీధిలో తలెత్తుకు తిరగలేరు.

365 అన్న అంకెలోని దూరదృష్టిని మాత్రం మెచ్చుకోవలసిందే. రోజుకొకటి చొప్పున ఏడాదికి సరిపడే వంటకాలను ఒక్క పూటలో బల్ల మీదికి ఎక్కించేస్తే, మిగిలిన 364 రోజులూ ఇంట్లో ఎవరు ఎప్పుడు తిన్నారు, అసలు తిన్నారా లేదా అని విచారించే బాధ్యత తీరిపోతుంది.

ఇలాంటి వీడియోను చివరిదాకా చూడగలిగిన వారికి కొన్ని సత్యాలు బోధపడతాయి. పూతరేకుల పక్కన తాపేశ్వరం కాజా, కాజా పక్కన పనసపొట్టు కూర, కూర పక్కన ఐస్‌క్రీము, ఐస్‌క్రీము మీద ఈగ, ఈగను తోలడానికి ప్రత్యేకంగా నియమితుడైన బావమరిది. అల్లుడు గారె మీద చెయ్యి వేయబోతే, "ఆగండి బావగారూ, ఇంకా డ్రోను ఎగరలేదు" అంటారు. చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. బూరె అందుకుంటే, దానిని నోటి దగ్గరే ఉంచి నవ్వమంటారు. అతను అమ్మాయి నోట్లో, అమ్మాయి అతని నోట్లో అదే బూరెను మూడుసార్లు పెట్టుకోవలసి వస్తుంది, ఎందుకంటే మొదటిసారి మామగారి బట్టతల అడ్డం వచ్చింది, రెండోసారి కరెంటు పోయింది. గిన్నెలు లెక్కించే పని చిన్నమామగారిది. ఆయన 212 దగ్గర తప్పిపోయి మళ్ళీ మొదటికి వస్తాడు. ఈలోగా అన్నం చల్లారి ముద్దకట్టుకుపోతుంది. లెక్కలో మంచినీళ్ళ సీసానూ, కిళ్ళీనీ, పళ్ళు కుట్టుకునే పుల్లనూ కలిపేశారని నా గట్టి అనుమానం.

నేను లెక్కపెట్టేది గిన్నెలను కాదు, కుర్చీలను. అవి రెండే. మిగిలిన బంధుబలగమంతా ఫోన్లు పైకెత్తి నిలబడి ఉంటుంది. పాతికమంది ఉన్న ఇంట్లో ఇద్దరు తింటుంటే మిగిలిన వారు చూడడాన్ని గోదావరి వారి మర్యాద అంటున్నారు, పైగా డొక్కా సీతమ్మ గారి పేరు కూడా ఇందులోకి లాగుతున్నారు. 1841 నుంచి 1909 వరకు జీవించిన ఆ తల్లి లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చిన బాటసారికి సైతం పొయ్యి వెలిగించి అన్నం పెట్టింది. ఆమె పెట్టింది ఆకలితో వచ్చినవాడికి, కెమెరాకు కాదు.

ఇక మామూలు రోజుల సంగతి. కొడుకు చీకటితోనే కాలేజీ బస్సెక్కి స్టడీ అవరు ముగిశాక వస్తాడు, కూతురు అమెరికా వేళల ఉద్యోగం కోసం గది తలుపు వేసుకుంటుంది, తండ్రి రొయ్యల చెరువు గట్టు మీద ఉంటాడు, గృహప్రవేశానికి కొన్న టేకు డైనింగ్ టేబుల్ మీద ఇస్త్రీకి వెళ్ళవలసిన బట్టలు ఉంటాయి. అడిగితే తీరిక లేదంటారు. అదే పెద్దమనిషి వనామీ రొయ్యకు రోజుకు నాలుగు పూటలా వేళ తప్పకుండా మేత వేయిస్తాడు. కాసేపటికి చెక్‌ట్రే, అంటే కొంత మేత వేసి చెరువులోకి దించే పళ్ళెం, పైకి లాగి, తిన్నదా మిగిల్చిందా అని చూస్తాడు, ఒక రొయ్యను వెలుతురుకు ఎత్తి పట్టుకుని దాని పేగు నిండిందో లేదో పరీక్షిస్తాడు, తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుందని ఏరేటర్లు తిప్పించి కాపలా కాస్తాడు. మేత మిగిలితే ఆ క్షణమే టెక్నీషియన్‌కు ఫోను వెళుతుంది. కొడుకు తిరిగి తెచ్చిన క్యారేజీ మూత తీసి చూసిన తండ్రిని మాత్రం నేను ఇంతవరకు ఎరుగను.

ఇంటికి చెక్‌ట్రే అంటూ ఒకటి ఉంటే అది రాత్రి భోజనమే. ఎవడు ముద్ద కెలుకుతున్నాడో, ఎవరు నోరు మెదపకుండా చారన్నంతో లేచిపోతున్నారో, కాలేజీలో ఏమి జరిగిందో, మేత కొట్లో అప్పు ఎంతకు చేరిందో అక్కడే బయటపడతాయి. ఎవరి పళ్ళెం వారు పట్టుకుని ఎవరి గదిలోకి వారు పోయే ఇంట్లో ఈ సమాచారం ఆస్పత్రిలోనో, బ్యాంకు నోటీసులోనో అందుతుంది.

"మా తాతల నాడు ఇంటిల్లిపాదీ ఒకే పంక్తిని తినేవాళ్ళమండీ" అని కళ్ళు తుడుచుకునే పెద్దలు కూడా ఉన్నారు. అయ్యా, ఆ పంక్తిలో మీ నాయనమ్మ ఏ పీట మీద కూర్చుందో కాస్త గుర్తు చేసుకుని చెబుతారా? ఆమె కూర్చోలేదు. మగవాళ్ళు తిన్నారు, పిల్లలు తిన్నారు, వచ్చినవారు తిన్నారు, చివరికి వంటింటి మూల ఆమెకు దక్కింది గిన్నెకు అంటుకున్న మాడు. ఈనాడు నలుగురు నాలుగు వేళల్లో వస్తుంటే ఒకే కూరను నాలుగుసార్లు వెచ్చబెడుతున్నదీ, "మీరు తినండి, నాకు ఆకలిగా లేదు" అని అబద్ధమాడుతున్నదీ ఆ ఇంటి ఆడదే. ఆ అబద్ధాన్ని మనం నమ్మడం లేదు. నమ్మినట్టు నటిస్తున్నాం, ఎందుకంటే నమ్మకపోతే లేచి ఒక కంచం తేవలసి వస్తుంది. పండుగ నాడు తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గర నిలబడిన మనిషి సాయంత్రం నాలుగింటికి గోడకు జారగిలబడి ఇంత పెరుగన్నం కలుపుకుంటుంటే అటువైపు ఒక్క ఫోనూ తిరగదు. సిగ్గుండాలి మనకు.

కాబట్టి కుటుంబ భోజనం మహిమ మీద ఉపన్యసించే వారెవరైనా సరే, ముందు బల్ల మీది బట్టలు తీసేయండి. రెండు గిన్నెలు చాలు, అందులో ఒకటి నిన్నటి గోంగూర పచ్చడి అయినా ఫరవాలేదు. అన్నీ వంటింట్లోంచి తెచ్చి బల్ల మీదే పెట్టండి, ఆమె కూర్చునేదాకా ఒక్కరూ అన్నం కలపకండి. మధ్యలో మంచినీళ్ళు కావలసివస్తే అవి ఎక్కడుంటాయో ఆ ఇంట్లోనే పాతికేళ్ళుగా ఉంటున్న మగవాడికి తెలిసే ఉంటుంది. తెలియకపోతే రొయ్యల టెక్నీషియన్‌కు ఫోను చేసి కనుక్కోవచ్చు.