రూపాయికి బేడ

మా పెదనాన్న చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా చేరేనాటికి రూపాయికి పదహారణాలు. ఆ తరువాత అణాలు పోయాయి, ఆయన ఉద్యోగమూ పోయింది, నాలుక మీది లెక్క మాత్రం పోలేదు. శాతాలు ఆయన చెవికెక్కవు. బేరమంటే రూపాయికి అణా తగ్గింపు, మనిషి మరీ నచ్చకపోతే రూపాయికి బేడ. అంటే రెండణాలు, ఎనిమిదో వంతు. మూలలు గుండ్రంగా ఉన్న చదరపు బిళ్ళ అది.

పావలా 2011 దాకా చెల్లింది కదా, బేడ అంత ముందే ఎందుకు పోయిందని ఆయనను అడగకూడదు. అడిగితే భోజనం చల్లారిపోతుంది. 1957 ఏప్రిల్ 1న రూపాయిని వంద నయాపైసలు చేశారు. పావలాకు చక్కగా ఇరవై అయిదు వచ్చాయి. బేడకు పన్నెండున్నర! అర నయాపైసా ఎక్కడి నుంచి తెస్తారు? పన్నెండే ఇచ్చి సరిపెట్టారు. అంటే రెండు బేడలు విడివిడిగా మార్చుకున్నవాడికి ఇరవై నాలుగు, పావలా మార్చుకున్నవాడికి ఇరవై అయిదు. "ఆ పైసా ఎవరు తిన్నారు?" అన్నది పెదనాన్న ప్రశ్న. ఎన్ని ప్రభుత్వాలు మారినా జవాబు రాలేదు.

మొన్న గాంధీ రోడ్డులో పనసపండ్ల బండి కనబడింది. కర్ణాటకలోని ముళబాగిలు వైపు నుంచి వచ్చిన కుర్రవాడు. పెదనాన్న ఒక పండును తట్టి, వాసన చూసి, ధర అడిగారు.

"నాలుగు వందలు."

మండీలో మాటలు పొదుపు. పెదనాన్న ఒకటే అన్నారు: "బేడ."

కుర్రవాడి ముఖం ఒకసారి వెలిగి, వెంటనే వాడిపోయింది. పరాయి ఊళ్ళో కన్నడం వినబడిందన్న సంతోషం, ఆ కన్నడం "వద్దు" అన్నందుకు దిగులు.

"బేడవా అజ్జా?"

"బేడే!" అన్నారు పెదనాన్న, ఇంత త్వరగా దారికి వచ్చాడేమిటా అనుకుంటూ.

కుర్రవాడు పండును తీసి పక్కన నిలబడిన ఆటో ఆయనకు అమ్మేశాడు. పెదనాన్నకు తిక్క రేగింది. "నేను బేరం కుదుర్చుకున్న పండు వాడికెలా ఇస్తావయ్యా? బేడ అన్నానా లేదా?" అన్నానని ఆయన, అన్నారు కాబట్టే ఇచ్చానని కుర్రవాడు. ఇద్దరూ ఒకే మాట మీద నిలబడి ఇంతగా కొట్లాడటం నేనెక్కడా చూడలేదు. చుట్టూ చేరినవాళ్ళలో సగం మంది అజ్జా వైపు, సగం మంది పండు వైపు. పెదనాన్న 1957 దగ్గర మొదలుపెట్టేసరికి వెనుక బస్సు హారన్ కొట్టింది.

ఎదుటి కొట్టులో మల్లెపూలు కొంటున్న పెద్దమ్మ వచ్చి కాపాడింది. ఆమెది పలమనేరు. తెలుగు, కన్నడం, అరవం మూడింట్లోనూ సమంగా తిట్టగలదు. కుర్రవాడికి రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. వాడు పగలబడి నవ్వి, మిగిలిన చిన్న పండు చూపించి, మూడు వందలన్నాడు. అజ్జా మాట ప్రకారమే తగ్గిస్తానని ఫోనులో లెక్క చూసుకున్నాడు. ముప్పై ఏడున్నర పోగా రెండు వందల అరవై రెండున్నర.

"రెండు వందల అరవై రెండు ఇవ్వండి, చాలు" అన్నాడు.

పెదనాన్న ఒప్పుకోలేదు. ఒకరి అర ఇంకొకరు మింగడం వల్లే దేశం ఇలా తయారయిందని ఆయన సిద్ధాంతం. సంచీ అడుగు దాకా వెదికి అర్ధరూపాయి బిళ్ళ తీసి, నోట్ల మీద పెట్టి ఇచ్చారు. చట్టప్రకారం అది నేటికీ చెల్లుతుంది. బజారులో మాత్రం దాన్ని చూస్తే అందరూ చేతులు వెనక్కి లాక్కుంటారు.

కుర్రవాడూ లాక్కున్నాడు. "బేడ అజ్జా, బేడ!"

పెదనాన్న కళ్ళు మెరిశాయి. "విన్నావా? తనే ఇంకో బేడ తగ్గిస్తానంటున్నాడు!" అని నా వైపు తిరిగి, మళ్ళీ వాడి ముందు చేయి చాచారు. "రెండు బేడలంటే పావలా. ఆ ముప్పై ఏడున్నర ఇటు తీయి నాయనా."