‘వినపడట్లేదు, ఇంకా గట్టిగా’ అన్న లౌడ్‌స్పీకర్ గారికి

మహారాజశ్రీ ఫుట్‌బాల్ స్టేడియం లౌడ్‌స్పీకర్ గారికి,

తూర్పు గ్యాలరీలో సరిగ్గా మీ కింద కూర్చున్న టికెట్టుదారుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నిజానికి ఇటువైపు కుశలం అంతంతమాత్రమే, కుడిచెవిలో ఇంకా గుయ్యిమంటోంది. మీ కుశలం అడగనక్కర్లేదు. మొన్న ఆదివారం సాయంత్రమంతా నిర్విరామంగా విన్నాను.

ఊరి పేరు, స్టేడియం పేరు ఇక్కడ రాయను. అది మీ పరువు కోసం కాదు. ఎక్కడ చూసినా మీరు ఇలాగే ఉన్నారు. ఒకచోట పేరు రాస్తే మిగతాచోట్ల ఉన్న మీ బంధువులంతా ‘అమ్మయ్య, మేం కాదులే’ అనుకుంటారు.

గేటు దగ్గర జరిగింది మీకు తెలియకపోవచ్చు, మీరు పైన ఉంటారు కాబట్టి. మ్యాచ్‌కి ముందు పార్కింగ్ పక్కన ఖాళీ జాగాలో నలుగురు కుర్రాళ్లు డప్పులు కాస్తున్నారు. పాత పేపర్లు ముట్టించి, ఆ సెగ మీద డప్పును తిప్పుతూ, మధ్యమధ్యలో వేలితో కొట్టి చెవి ఒగ్గి వింటున్నారు. మొదట దబదబమన్నది తోలు బిగిసేకొద్దీ ఖంగుమనడం మొదలైంది. ఇద్దరి ఒంటిమీద జట్టు జెర్సీ, మూడోవాడికి అర్జెంటీనా పదో నంబరు చొక్కా (మన దగ్గర ఫుట్‌బాల్‌కి అది యూనిఫాం లెండి). నాలుగోవాడు డప్పు కొట్టే సన్నటి చిటికెన పుల్ల పళ్ల మధ్య పట్టుకుని, రెండో చేతి లావు పుల్ల సిర్ర చేతిలో తిప్పుకుంటూ తన వంతు కోసం చూస్తున్నాడు. ఒక్కసారి నలుగురూ కలిసి తీన్‌మార్ అందుకునేసరికి, మనవణ్ని చంకనేసుకుని టికెట్టు క్యూలో నిలబడ్డ పెద్దాయన భుజాలు వాటంతటవే కదిలాయి. మ్యాచ్ ఇంకా మొదలుకానే లేదు, నాకు అప్పుడే టికెట్టు డబ్బులు గిట్టుబాటయ్యాయి.

తర్వాత గేటు, అక్కడ సెక్యూరిటీ ఆయన.

“డప్పులు లోపటికి పోవు తమ్మీ.”

“ఎందుకన్నా?”

“సౌండ్ వస్తది.”

సౌండ్ వస్తదట. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి!

“అన్నా, పోయిన మ్యాచ్‌కి తెచ్చినం గదనే” అని బతిమాలాడు ఆ కుర్రాడు. “అప్పుడు వేరే, ఇప్పుడు రూలొచ్చింది” అన్నాడు ఆయన, పాపం తనకీ ఇష్టం లేని మొహంతోనే. చివరికి డప్పులు బయట చాయ్‌బండి వాళ్ల దగ్గర పెట్టి, ఖాళీ చేతులతో లోపలికొచ్చారు. నా దగ్గర చిల్లర నాణేలు, నీళ్ల సీసా తీసుకున్నారు, అది వేరే కథ. లోపల ఆ నీళ్లే మూడింతల రేటుకి అమ్ముతారు, అదీ వేరే కథ. సీట్లో స్పాన్సర్ పేరున్న గాలికర్రలు రెండు పెట్టారు, మన ఊపిరితో మనమే ఊది, వాళ్ల ప్రకటన మనమే కొట్టుకోవాలి. అదీ పోనీయండి.

డెబ్బయ్యో నిమిషం గుర్తుందా? స్కోరు 1-1. మనవాళ్లకి కార్నర్ దొరికింది. వింగర్ బంతిని మూలన పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, చెయ్యి పైకెత్తాడు. ఆ క్షణంలో గ్యాలరీలో ఏదో మొదలవుతుంది. ఎవరూ చెప్పకుండానే ముందు వరసలో కాళ్లు నేలకేసి కొట్టడం, వెనక వరసలు అందుకోవడం, కాసేపటికి కుర్చీలు అదరడం. సరిగ్గా అప్పుడు తమరు గొంతు విప్పారు. ఏం వేశారు? తీన్‌మార్. రికార్డు చేసిన తీన్‌మార్! గేటు బయట చాయ్‌బండి కింద పడుకున్న డప్పులకి సౌండ్ ఎక్కువని రూలు, తమరి పెట్టెల్లోంచి అదే దరువు చెవులు చిల్లులు పడేలా వస్తే దానికి పేరు ‘ఫ్యాన్ ఎక్స్‌పీరియన్స్’. నేను ఆ నలుగురి వంక చూశాను. ఒకడు ఖాళీ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కార్నర్ ఎప్పుడు కొట్టారో, గోల్‌కీపర్ ఎప్పుడు పట్టేశాడో వాడు చూసినట్టు లేదు.

పెళ్లిలో పురోహితుడు మాంగల్యధారణ మంత్రం ఎత్తుకోగానే కేటరింగ్ వాడు ‘భోజనాలకి లేవండి’ అని మైకులో అరిచినట్టుంది మీ టైమింగ్.

అక్కడితో ఆగారా? తీన్‌మార్ ఆపి, తమరిలోంచి ఆ డీజే అబ్బాయి: “వినపడట్లేదు! ఇంకా గట్టిగా!” అన్నాడు.

వినపడదు నాయనా. నువ్వు వాగుతున్నావు కాబట్టి వినపడదు. ‘మీరు’ అనే ఓపిక అయిపోయింది, ఇక నుంచి నువ్వే.

నీ అసలు రోగం సౌండు కాదు. నువ్వు మ్యాచ్ చూడవు. జనం చేసే గోల బంతికి జవాబు. ఫుల్‌బ్యాక్ వెనక ఖాళీ కనిపించగానే పుట్టే ‘ఏయ్ ఏయ్ ఏయ్’, షాట్ బార్‌కి తగిలినప్పుడు వేలమంది ఒక్కసారి పీల్చే ఊపిరి, మనవాణ్ని కిందపడేసినప్పుడు రిఫరీ మీద లేచే కోపం, అవన్నీ ఆటలోంచి పుట్టేవి. నీకు ప్లేలిస్టు ఉంది. త్రో-ఇన్ పడినా, ఒకడు కాలు పట్టుకుని పడిపోయి స్ట్రెచర్ వస్తున్నా నీకు ఒకటే, ఐపీఎల్ నుంచి ఎత్తుకొచ్చిన ఆ బూర బిట్టు, చివర్లో ‘ఓయ్’ అనమని ఆర్డరు. క్రికెట్‌లో ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య సందుంటుంది, అక్కడ వేసుకో. ఫుట్‌బాల్‌లో ఆ సందు లేదురా బాబూ, నలభై అయిదు నిమిషాలు గడియారం ఆగదు.

జనం నోరు తెరవడానికి నువ్వు కావాలని ఎవరు చెప్పారు నీకు? 1962 సెప్టెంబర్ 4, జకార్తా, ఆసియా క్రీడల ఫైనల్. భారత జట్టుకి కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. అవే క్రీడలకి ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లని రానివ్వలేదని మన ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పినందుకు ఊరు ఊరంతా మనమీద మండిపడుతోంది. దాదాపు లక్షమంది నిండిన స్టేడియం, మన జాతీయగీతాన్ని కూడా వదలకుండా గోల. ఆ గోలలో పీకే బెనర్జీ ఒకటి, తలకి దెబ్బతో ఆడిన జర్నైల్ సింగ్ ఒకటి కొట్టి దక్షిణ కొరియా మీద 2-1తో బంగారు పతకం తెచ్చారు. చూశావా, మనల్ని తిట్టడానికి కూడా ఆ జనానికి డీజే అవసరం పడలేదు.

అంతకుముందు అదే రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు పట్టుకొచ్చింది. ఆ కాలం జనానికి ‘మేక్ సమ్ నాయిస్’ అని ఎవరూ చెప్పలేదు పాపం, ఎలా బతికారో.

నువ్వు లేకపోతే స్టేడియం చప్పగా ఉంటుందంటావేమో. నిజంగా చప్పబడినప్పుడు ఎలా ఉంటుందో కూడా చూశాం. 2020 మే 16న జర్మనీలో ఖాళీ గ్యాలరీల మధ్య లీగ్ మళ్లీ మొదలైంది. డోర్ట్‌మండ్‌లో పాతికవేల మంది దాకా నిలబడి పాడే పసుపు గోడ ఆ రోజు ఒట్టి కాంక్రీటు. షాల్కే మీద 4-0తో గెలిచాక ఆటగాళ్లు అలవాటుగా ఆ ఖాళీ గోడ ముందుకే వెళ్లి చేతులెత్తారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో టీవీవాళ్లు వీడియో గేమ్ కోసం దాచుకున్న జనం గోలని మ్యాచ్‌కి అతికించారు. ఇంట్లో కూర్చుని చూసేవాళ్లం కదా, బంతి పక్కకి పోయిన అరక్షణానికి ‘ఓహ్’ అని వచ్చేది. ఆ అరక్షణమే మొత్తం గుట్టు విప్పేసేది. అక్కడెవరో ఒకాయన బటన్ నొక్కుతున్నాడని మా నాన్నకి కూడా అర్థమైపోయింది, ఆయనకి ఆఫ్‌సైడ్ ఇప్పటికీ అర్థం కాలేదు. కరోనా పోయింది, జనం వచ్చారు, ఆ బటన్ మాత్రం నీ దగ్గర ఉండిపోయింది.

నువ్వు ఎన్ని వాట్లు పెట్టినా చేయలేనిది ఒకటుంది. 2022 మార్చి 20, గోవాలోని ఫతోర్డా స్టేడియం, మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ ఫైనల్, కేరళ మీద హైదరాబాద్. కరోనా వల్ల లీగ్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా జరిగిన సీజన్ అది, ఫైనల్‌కి గేట్లు తెరిచారు. కేరళ నుంచి వచ్చినవాళ్లతో స్టేడియం పసుపుమయం. 68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ గోల్ కొట్టగానే టీవీ సౌండ్ తగ్గించాల్సి వచ్చింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్ లోపలికి పోయి హైదరాబాద్ 1-1 చేసింది. ఇక పెనాల్టీలు. మా గోల్‌కీపర్ కట్టిమణి ఒకటి ఆపాడు, ఇంకోటి ఆపాడు, ఇంకోటీ ఆపాడు. ఆపినకొద్దీ ఆ పసుపు గోల దిగిపోయింది. మా ఇంట్లో మేం ఎగిరి గంతులేస్తున్నాం, టీవీలోంచి మాత్రం ఏమీ రావట్లేదు. అంతమంది ఒకేసారి నోరు మూసుకోవడం కూడా ఫుట్‌బాల్ చప్పుడే. అది నీ ప్లేలిస్టులో ఎన్నో ట్రాకు?

ఆ కప్పు గెలిచిన జట్టు ఇప్పుడు ఢిల్లీలో వేరే పేరు పెట్టుకుంది. దానికి కారణాలు సవాలక్ష, డబ్బులు, యజమానులు, అన్నీ, నీమీద తోసేయను. మెస్సి వచ్చిన రోజు ఉప్పల్‌కి ఎగబడ్డ మా జనాన్నీ నాలుగు మాటలనాలి, అది ఇంకో ఉత్తరంలో. కానీ జట్టు ఊరిదవ్వాలంటే ఊరి గొంతు అక్కడ వినపడాలి కదా. 2018 జూన్‌లో ముంబయిలో భారత్ ఐదు గోల్స్‌తో గెలిచిన మ్యాచ్‌కి వచ్చింది 2,569 మంది. అప్పటి కెప్టెన్ సునీల్ ఛెత్రి ఫోన్ ముందు నిలబడి, తిట్టడానికైనా సరే స్టేడియానికి రండని వీడియోలో అడిగాడు. తర్వాతి మ్యాచ్‌కి, కెన్యా మీద, టికెట్లన్నీ అమ్ముడుపోయాయి, కుండపోత వానలో కూడా జనం కదల్లేదు. గమనించు, తిట్టడానికైనా అన్నాడు. వచ్చి గాలికర్రలు ఊపండి అనలేదు.

సరే, నీ వంశంలో అందరూ చెడ్డవాళ్లు కాదులే. 1960ల మొదట్లో లివర్‌పూల్ మైదానంలో మ్యాచ్‌కి ముందు మీవాడొకడు ఆ వారం హిట్ పాటలు వేసేవాడట. గ్యాలరీలో గంటల తరబడి ఇరుక్కుని నిలబడ్డ జనం వాటితో గొంతు కలిపారు. ఆ హిట్ల లిస్టులోంచి పోయిన ‘యు విల్ నెవర్ వాక్ అలోన్’ అనే పాటొకటి వాళ్ల నోట మిగిలిపోయి, ఇప్పుడు లోకమంతా తెలిసిన క్లబ్ గీతమైంది. మీవాడు పాట అందించాడు, తర్వాత పాడింది వాళ్లు. ఆ తెలివి నీకేమైంది? నిన్న గాక మొన్న కొన్న పరికరానివి, అంత ఖరీదైనదానివి.

నేను నీ వైర్లు పీకించమనట్లేదు. మ్యాచ్‌కి ముందు నీ ఇష్టం, ఏ పాటైనా వేసుకో, నేనూ చిందేస్తాను. హాఫ్‌టైమ్‌లో కూడా కానీ. సబ్‌స్టిట్యూషన్ అయితే ఎవరు బయటికి, ఎవరు లోపలికి స్పష్టంగా చెప్పు, ఆ ఒక్కటీ ఇంతవరకూ అర్థమయ్యేలా చెప్పిన పాపాన పోలేదు. గోల్ కొట్టినవాడి పేరు సగం చెప్పి మిగతా సగం మాకు వదిలెయ్. తప్పిపోయిన పిల్లల్ని పిలువు. అడ్డంగా పెట్టిన కారు నంబరు చదువు. విజిల్ ఊదినప్పటి నుంచి మళ్లీ విజిల్ ఊదేదాకా మాత్రం నోరు మూసుకుని ఉండు.

ఇంకొకటి. నీకు కరెంటు ఇచ్చే ఆఫీసులో ఆ రూలు రాసినాయన ఉంటాడు కదా, ఆయన చెవిలో ఓ మాట వెయ్. డప్పులు లోపలికి రానివ్వమని చెప్పు. సౌండ్ వస్తదనే చెప్పు.

ఇట్లు,
తూర్పు గ్యాలరీ, పదకొండో వరస,
గొంతు ఇంకా బాగానే ఉన్న ఒక ప్రేక్షకుడు