నోరు విప్పితే ఇన్సూరెన్స్ పోతుందా?

వైద్యంలో పొరపాటు జరిగినప్పుడు డాక్టర్లకి వినబడే మాట: "పేషెంటు వాళ్లకి ఏమీ చెప్పకండి డాక్టర్‌గారూ, క్లెయిమ్ పోతుంది." ఈ సలహా ఇచ్చే ఏజెంట్లలో పాలసీ కాగితం చదివినవాళ్లు ఎందరో!

ఇండెమ్నిటీ పాలసీల్లో, అంటే పేషెంట్లు పరిహారం అడిగితే డాక్టర్‌ని ఆదుకునే ఇన్సూరెన్సుల్లో, సాధారణంగా ఉండే షరతు ఇదీ: కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదు, డబ్బిస్తామని మాటివ్వకూడదు, రాజీ కుదుర్చుకోకూడదు. జరిగింది చెప్పకూడదని కాదు. పెన్సిలిన్ పడదని కేస్ షీట్‌లో ఉన్నా ఆ జాతి ఇంజెక్షనే పడిందనుకోండి. "ఫలానా మందు ఇన్నింటికి ఇచ్చాం, అది ఈయనకి పడనిది. బీపీ పడిపోయింది, అడ్రినలిన్ ఇచ్చాం, ఐసీయూలో చూస్తున్నాం. ఇలా జరిగినందుకు బాధగా ఉంది." ఇంతవరకు నిక్షేపంగా చెప్పొచ్చు. "ఖర్చంతా మేమే పెట్టుకుంటాం" అన్నారా, గీత దాటినట్టే. మంచితనానికి పోయి బిల్లు మాఫీ చేసినా కంపెనీ దాన్నే పట్టుకోవచ్చు. ముందు కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబొచ్చాకే మాఫీ చేయండి.

ఆ మెయిల్ అదే రోజు వెళ్లాలి. ఇవి ఎక్కువగా క్లెయిమ్స్-మేడ్ పాలసీలు, అంటే క్లెయిమ్ ఎప్పుడొచ్చిందన్నది చూసేవి. ఘటన రెట్రోయాక్టివ్ తేదీ (పాలసీ రక్షణ ఎప్పటినుంచి వర్తిస్తుందో ఆ పాత తేదీ) తర్వాత జరిగి ఉండాలి, క్లెయిమ్ వచ్చేనాటికి పాలసీ నడుస్తూ ఉండాలి. రెన్యువల్ తప్పితే ఆ పాత తేదీ పోయే ప్రమాదముంది. కన్స్యూమర్ కేసు వేయడానికి గడువు 2 ఏళ్లు, అంటే ఘటన జరిగిన చాన్నాళ్లకీ క్లెయిమ్ రావచ్చు. రిటైరయ్యాం కదా అని ప్రీమియం ఆపేసినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

క్షమాపణకు ఇంగ్లండ్‌లో 2006 చట్టం రక్షణ ఇచ్చింది, మనకి అలాంటిది లేదు. మీరన్న మాట ఇక్కడ సాక్ష్యంగా రావచ్చు. కానీ ఒప్పుకోలు తిరుగులేని రుజువు కాదని మన సాక్ష్య చట్టమే చెబుతోంది. పైగా పై ఉదాహరణలో కేస్ షీటే అంతా చెప్పేస్తుంటే మీ మౌనం ఎవరిని కాపాడుతుంది? జైలు భయమా? మరణం సంభవిస్తే డాక్టర్‌కి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 106(1) కింద 2 ఏళ్ల వరకు శిక్ష ఉన్నమాట నిజమే. అయితే ఘోర నిర్లక్ష్యం ఉంటేనే క్రిమినల్ కేసు నిలుస్తుందని సుప్రీంకోర్టు 2005లోనే జాకబ్ మాథ్యూ కేసులో తేల్చింది.

అసలు ముంచేది రికార్డుల్ని దొంగచాటుగా దిద్దడం. పేషెంటు వాళ్లు అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలున్నాయి. కేస్ షీట్ మార్చినా నర్సింగ్ చార్టు, ఫార్మసీ బిల్లు టైంతో సహా పట్టిస్తాయి. సరిదిద్దాల్సి వస్తే పాత రాత కనబడేలా ఒకే గీత కొట్టి, పక్కన తేదీ, టైం, సంతకం పెట్టండి. వైట్‌నర్ వద్దేవద్దు. బంధువులతో ఏం మాట్లాడారో, ఎవరెవరున్నారో కూడా కేస్ షీట్‌లోనే రాయండి. మాట్లాడాల్సింది సీనియర్ కన్సల్టెంట్. నైట్ డ్యూటీ కుర్రాణ్ని ముందుకు తోసి మీరు వెనక గేటు నుంచి వెళ్లిపోవాలని ఏ పాలసీలోనూ లేదు.