సవరణ: రెండో రౌండ్ సీటు వదిలేస్తే డిపాజిట్ పోతుంది

ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీట్ల కోసం రాసే నీట్ పీజీలో మధ్యస్థ ర్యాంకు వచ్చినవాళ్లు బ్రాంచి ఎలా ఎంచుకోవాలో చెప్పిన గత వ్యాసంలో, మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) రౌండ్లవారీగా సీట్లు కేటాయించే ఆలిండియా కోటాలో రెండో రౌండ్ సీటు నచ్చకపోతే నష్టం లేకుండా వదిలేయవచ్చని రాశాం. అది తప్పు. ఆ వెసులుబాటు మొదటి రౌండ్‌కే. రెండో రౌండ్‌లో వచ్చిన సీటులో చేరకపోతే సెక్యూరిటీ డిపాజిట్ పోతుంది. అది ఆలిండియా కోటాకు జనరల్ అభ్యర్థులకు రూ.25,000, డీమ్డ్ యూనివర్సిటీలకు రూ.2 లక్షలు. మూడో రౌండ్‌లో చేరకపోతే డిపాజిట్‌తోపాటు తర్వాతి రౌండ్ కూడా పోతుంది.

ఈ తప్పుతో ఎక్కువగా దెబ్బతినేది సగటు ర్యాంకువాళ్లే. ఇంకో ముఖ్యమైన సంగతి: అప్‌గ్రేడ్ అయితే, అంటే తర్వాతి రౌండ్‌లో మీ జాబితాలోని మరో సీటు వస్తే, పాత సీటు దానంతటదే రద్దవుతుంది, మళ్లీ అడిగినా రాదు. చేతిలో అనస్థీషియా ఉండి రేడియాలజీ కోసమే చూస్తున్నవారు మూడో రౌండ్ జాబితాలో రేడియాలజీ సీట్లే పెట్టాలి. ‘ఉంటే ఉంటుందిలే’ అని దూరపు కాలేజీలో పాథాలజీ కూడా చేర్చితే, అదే వచ్చి అనస్థీషియా పోవచ్చు. అందని సీట్లను పైన రాసినందుకు మాత్రం ఏ నష్టమూ లేదు. ఇష్టాన్ని బట్టే వరస పెట్టండి.

మరో చిన్న సవరణ. జాతీయ వైద్య పరీక్షల బోర్డు (ఎన్‌బీఈఎంఎస్) ఇచ్చే రెండేళ్ల డిప్లొమా తర్వాత, అదే బోర్డు ఇచ్చే పీజీ డిగ్రీ డీఎన్‌బీ నేరుగా రాదు. దానికి పీడీసెట్ అనే ప్రవేశ పరీక్ష విడిగా రాయాలి.