మదర్‌బోర్డు మీద బల్లి పడితే

బల్లి తలమీద పడితే ఒక ఫలం, కుడి భుజం మీద పడితే ఒక ఫలం, ఎడమకాలి మీద పడితే ఇంకో ఫలం అని పంచాంగంలో పెద్ద పట్టికే ఉంటుంది. ఆడవాళ్ళకు వేరే, మగవాళ్ళకు వేరే. మదర్‌బోర్డు మీద పడితే ఏమవుతుందో మాత్రం ఏ సిద్ధాంతిగారూ రాయలేదు. రాసి ఉంటే కర్నూల్లో దస్తావేజులు రాసుకునే మా మేనమామకు ముందే ఒక సూచన అందేది.

మామ ఆఫీసులో కంప్యూటర్ క్యాబినెట్‌కు ఒక పక్క రేకు ఉండదు. ఎండాకాలం కర్నూల్లో మనుషులకే గాలాడదు, దానికి మాత్రం ఎట్ల ఆడుతుందని ఆయనే విప్పించాడు. వాకిలి తెరిచి ఉంది కదా అని ఒక బల్లి లోపల కాపురం పెట్టింది. ఓర్వకల్లు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పొలం క్రయదస్తావేజు ప్రింటు తీయబోతుంటే టప్‌మని శబ్దం, కాలిన వాసన, తెరంతా నలుపు. మెకానిక్ వచ్చి టార్చి వేసి చూసి, బోర్డుకు అతుక్కుపోయిన బల్లిని స్క్రూడ్రైవరుతో పెకలించి పేపరు మీద పెట్టాడు.

"కంచిలో బంగారు బల్లిని ముట్టుకొని వచ్చినోణ్ణి కదప్పా నేను!" అన్నాడు మామ. ముట్టుకున్నది మామే గానీ కంప్యూటర్ కాదు కదా అని అక్కడున్న ఎవరూ అనలేదు. పార్టీల ముందు, అంటే దస్తావేజు రాయించుకోవడానికి వచ్చినవాళ్ళ ముందు, అనకూడదు.

బోర్డు మార్చాలన్నారు. మార్చారు. "హార్డ్‌డిస్కుకు ఏం కాలేదు సార్, డేటా ఎక్కడికీ పోదు" అని మెకానిక్ భరోసా ఇచ్చాడు. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. డేటా నిజంగానే ఎక్కడికీ పోలేదు. మామే దాని దగ్గరికి పోలేకపోయాడు.

నాకు ఫోన్ వచ్చింది. నేను బ్యాంకులో పనిచేస్తాను. బ్యాంకులో కంప్యూటర్లుంటాయి కాబట్టి కంప్యూటర్లకు వచ్చే రోగాలన్నీ నాకు తెలుసని మామ నమ్మకం. వెళ్ళేసరికి ఉగ్గాని, బజ్జీ తెప్పించి పెట్టాడు. అంటే పని పెద్దదేనన్నమాట.

తెర నీలంగా ఉంది. ఈ డ్రైవు తెరవడానికి రికవరీ కీ కొట్టమని రాసుంది. కీ అంటే నాలుగంకెల పిన్ను కాదు, 48 అంకెలు.

"నేనెప్పుడూ దీనికి తాళం వేయలేదే అల్లుడా!"

"నువ్వు వేయలేదు మామా. అదే వేసుకుంది."

విండోస్ 11కు బోర్డుతోపాటే వచ్చే టీపీఎం అనే భద్రతా ఏర్పాటు ఉండాలని 2021లో అది వచ్చినప్పటి నుంచే షరతు. డిస్కు తాళంచెవి దాని దగ్గర ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో కొత్తగా విండోస్ ఎక్కించుకుంటే, చాలా మెషీన్లలో విండోస్‌లోనే ఉండే బిట్‌లాకర్ అనే తాళం డిస్కుకు చడీచప్పుడు లేకుండా పడిపోతుంది. బోర్డు మారితే టీపీఎం మారుతుంది. కొత్తదానికి ఈ డిస్కు ఎవరిదో తెలీదు. ఇదంతా మామకు ఎట్ల చెప్పాలా అని ఆలోచించి, ఊరి లెక్కలన్నీ తన దగ్గరే పెట్టుకున్న పాత కరణం పోయి కొత్త కరణం వచ్చినట్టు అన్నాను.

మామకు వెంటనే అర్థమైంది. కోపం కూడా వచ్చింది. "కరణాలను 1984లోనే తీసేసిరి కదప్పా! వీళ్ళు మళ్ళీ ఎప్పుడు పెట్టుకున్యారు?"

పక్క బెంచీ మీద ఆ పెద్దాయన స్టాంపు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. కాసేపు విని, "ఈ సారును నేను బాగా ఎరుగుదును, కావాలంటే సాక్షి సంతకం పెడ్తా" అన్నాడు కంప్యూటర్‌కేసి చూస్తూ. ఆయన తప్పేం లేదు. రిజిస్ట్రారు ముందు ఆ పద్ధతే నడుస్తుంది. ఇతను ఫలానా అని ఎరిగినవాళ్ళు చెబితే సర్కారు నమ్ముతుంది. జీవితమంతా ఇతరులను ఫలానా అని నిరూపించి పెట్టిన మనిషిని, ఆయన టేబుల్ మీదున్న కంప్యూటరే ఎవరు నువ్వు అంటోంది.

రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో దాచి ఉంటుంది. అకౌంటు తెరిచింది మామ కాదు, మామ దగ్గర టైపింగ్ నేర్చుకున్న పిల్లోడు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. మెయిల్ పేరులో సగం మామ పేరు, మిగతా సగం వాడి అభిమాన హీరో పేరు. అదృష్టం ఏమిటంటే వాడి ఫోనులో ఆ అకౌంటు ఇంకా తెరిచే ఉంది. ఆ 48 అంకెలు ఫోటో తీసి పంపరా అంటే మామ ఒప్పుకోలేదు. "వాట్సాప్‌లో వద్దు. చదువు, రాసుకుంటా."

రాసుకోవడం అంటే మామ లెక్కలో దస్తావేజు రాయడమే. లెడ్జర్ కాగితం తీశాడు, మార్జిన్ మడిచాడు. ఒక్కో గుంపులో ఆరేసి అంకెలు, అలాంటివి ఎనిమిది గుంపులు. ప్రతి గుంపు పక్కనా బ్రాకెట్లో "అక్షరాల నాలుగు లక్షల పదిహేను వేల మూడువందల ఎనభై ఆరు మాత్రమే" అని రాసుకుంటూ పోయాడు. ఆ "మాత్రమే" ఎందుకు మామా అంటే, లేకపోతే వెనకాల ఎవడన్నా సున్నా చేర్చుతాడన్నాడు. అవతల పిల్లోడు ఓపిగ్గా ఇంగ్లీషులో అంకెలు చదువుతున్నాడు, వెనక ట్రాఫిక్ హారన్లు.

కొట్టాం. కాదంది.

ఇక్కడ మాత్రం దీన్ని తయారుచేసినవాళ్ళను మెచ్చుకోవాలి. ఈ కీలో ప్రతి ఆరంకెల గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడాలి. ఎవరైనా అంకె తప్పు కొడితే పట్టుకోవడానికి పెట్టిన కిటుకు అది. ఈ సంగతి చెప్పగానే మామ మొహం వెలిగింది. క్యాలిక్యులేటర్ వద్దన్నాడు. ఒకటి విడిచి ఒకటి కూడి, మిగిలినవి కూడి, తేడా తీయాలి. తేడా సున్నా గానీ, 11 గానీ, 22 గానీ రావాలి. పెన్ను మూత నోట్లో పెట్టుకుని ఒక్కో గుంపూ తేల్చుకుంటూ వచ్చి 415386 దగ్గర ఆగాడు. నాలుగూ ఐదూ ఎనిమిదీ పదిహేడు. ఒకటీ మూడూ ఆరూ పది. తేడా ఏడు. "దొంగ ఇక్కడున్నాడప్పా!" పిల్లోడు నైన్ అన్నది హారన్ల గోలలో ఫైవ్ అయింది. 419386 కొట్టగానే నీలం తెర పోయి, విండోస్ వచ్చింది. బెంచీ మీద పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

మామ గర్వంగా కుర్చీ ముందుకు జరుపుకుని తన పిన్ను కొట్టబోయాడు. పిన్ను ఆయన పెళ్ళి సంవత్సరం, మరిచిపోయే ప్రశ్నే లేదు. కానీ కొట్టడానికి గడే లేదు. "ఏదో జరిగింది, మీ పిన్ అందుబాటులో లేదు" అని ఇంగ్లీషులో ఒక ముక్క రాసుంది.

"ఏదో జరిగిందంటే ఏంది? ఏం జరిగింది, ఏ తారీఖున జరిగింది, ఎవరి సమక్షంలో జరిగింది? దస్తావేజులో ఇట్ల రాస్తే సబ్‌రిజిస్ట్రారు మొహాన కొడ్తాడు!"

జరిగింది మళ్ళీ అదే. ఈ పిన్ను ఇంటర్నెట్‌లో ఎక్కడా ఉండదు, ఆ ఒక్క మెషీన్‌కు, దాని టీపీఎంకు కట్టుబడి ఉంటుంది. భద్రతకు మంచిదే. బోర్డు చెత్తబుట్టలోకి పోతే పిన్ను కూడా దాంతోపాటే పోతుంది. కొత్త పిన్ను పెట్టుకోవాలంటే అకౌంటు పాస్‌వర్డు ఇవ్వాలి. పాస్‌వర్డు పిల్లోడు చెప్పాడు. ఆ తర్వాత ఫోనుకు కోడ్ పంపుతానంది. చివరి రెండంకెలు మాత్రం చూపించింది. అవి చూసి మామ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. రీఛార్జి రేట్లు పెరిగినప్పుడు వదిలేసిన సిమ్ము అది. అట్లా వదిలేసిన నంబర్లను కంపెనీలు కొన్నాళ్ళు ఆగి వేరేవాళ్ళకు ఇచ్చేస్తాయి.

మామ తన పాత నంబరుకు తనే ఫోన్ చేశాడు. ఎవరో ఆవిడ ఎత్తింది. మామ గొంతులో వీలైనంత తేనె కలుపుకొని అన్నాడు: "అమ్మా, నమస్కారం. మీ ఫోనుకు ఇప్పుడే ఒక నంబరు వచ్చింటాది. అదొక్కటి కొంచెం చెప్తారా?"

ఈ కాలంలో ఇంతకంటే నేరపూరితమైన వాక్యం తెలుగులో ఇంకోటి లేదు. ఆమెకు బాగా తెలుసు. "మీలాంటోళ్ళ కోసమే 1930 పెట్టింది. చేయమంటారా?" అని కట్ చేసింది. మామ మళ్ళీ చేసి, "అట్ల కాదమ్మా, మా అల్లుడు బ్యాంకులో ఆఫీసరు, పక్కనే ఉన్నాడు, మాట్లాడిస్తా" అన్నాడు. నేను చేతులతో వద్దు వద్దంటున్నాను. ఆమె తిట్టిన తిట్లు స్పీకర్‌లో అందరం విన్నాం. నంద్యాల యాస స్పష్టంగా తెలుస్తోంది.

ఆ తర్వాత ఎత్తినప్పుడు మామ నేరుగా విషయానికి వచ్చాడు. "అమ్మా, నేను కర్నూల్లో దస్తావేజులు రాస్తా. ఇక్కడ ఒక పెద్దాయన పొద్దుట్నుంచీ కూర్చోనుండాడు."

అవతల కాసేపు మాట లేదు.

"దస్తావేజులు రాస్తారా? అయితే చెప్పండి, వీలునామాకూ గిఫ్ట్ డీడుకూ తేడా ఏంది?"

పరీక్ష పెడుతోందని నాకు అర్థమైంది. మామకు అర్థం కాలేదు. అర్థమై ఉన్నా ఆపేవాడు కాదు. వీలునామా మనిషి పోయాకే అమలవుతుందని, బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చని, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని, స్థిరాస్తి గిఫ్ట్‌కు మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదని, ఇద్దరు సాక్షులుండాలని, ఇచ్చే మనిషి బతికుండగానే తీసుకునేవాళ్ళు ఒప్పుకోవాలని, తర్వాత మనసు మారిందని రద్దు చేసుకుంటామంటే కుదరదని చెప్పుకుంటూ పోయాడు. ఆమెకు కల్లూరులో అత్తగారి పేరు మీద స్థలం ఉందట. కల్లూరు అనగానే మామ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. అత్తగారికి ఎంతమంది సంతానం, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల చిట్టా) తీశారా, ఉత్తరం హద్దులో ఎవరున్నారు... కాగితం మీద రాసుకోవడం కూడా మొదలుపెట్టాడు. ఈలోగా కోడ్ గడువు దాటింది. ఇంకోటి పంపించాం. అది ఆమె అడక్కుండానే చదివింది.

పెద్దాయన దస్తావేజు ప్రింటయింది. తెర మూలలో విండోస్ యాక్టివేట్ చేసుకోండి అని బూడిదరంగు అక్షరాలు తేలాయి. లైసెన్సు కూడా పాత బోర్డు పేరు మీదే ఉంటుంది మరి. ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చానని సెట్టింగ్స్‌లో ఒక చోట ఒప్పుకుంటే అదీ పోయింది.

"మామా, ఇప్పుడే అకౌంటులో నీ కొత్త నంబరు పెట్టేద్దాం" అన్నాను.

"ఉండనీప్పా. మంచి మనిషి. పైగా పార్టీ."

మొన్న వెళ్ళినప్పుడు మామ ఫోను మోగింది. ఆఫీసులో పిల్లలెవరో ఆ అకౌంటులోకి పోవడానికి ప్రయత్నిస్తున్నట్టున్నారు.

"సార్, మీ కోడ్ వచ్చింది," అంది నంద్యాల ఆమె. "చెప్తా. ముందు ఇది చెప్పండి, మా ఆడబిడ్డ సంతకం పెట్టనంటోంది. ఇప్పుడెట్ల?"